నోటినిండా నీళ్ళు

సోమవారం. ఉప్పుగాలి.

ఇవాళ తలుపు గడియ కిందికి దించాను. మూడేళ్ళ పిల్లకి చెయ్యి అందే ఎత్తులో కొత్త చిల్లులు పొడిచి పాత గడియనే బిగించాను. పై చిల్లులు పూడ్చలేదు. పెద్దవాళ్ళు అలవాటుకొద్దీ అక్కడ తడుముకుని, తర్వాత నడుం వంచి మూలిగితే నాకు సంతోషమే. ఈ గదిలో ఇబ్బంది పడవలసింది పెద్దవాళ్ళు.

గది అంటే పాత రేషను గోదాం. సముద్రం కొండ పాదం దాకా వచ్చేశాక జనం కొండమీద మెట్లు చెక్కుకుని కాపురాలు పెట్టారు. మా మూడో మెట్టు మీద మొదట లేచిన కప్పు ఇదే. బియ్యం అయిపోయి ఏళ్ళయినా వాసన మాత్రం గోడల్లో ఉంది. వానలు తగ్గేదాకా పిల్లల కోసం వాడుకోమని మెట్టు సభ దీన్ని నాకిచ్చింది.

నా మీద గౌరవంతో ఇచ్చారనుకోవద్దు. వేసవి గాలివానకి, పూసలకి మాట అందించే స్తంభం కూలింది. దాంతో అందరి చెవుల్లో పూసలూ మూగబోయాయి. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు దిక్కులు చూసి, ఆనక తడుముకుంటూ బతకడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలకి తడుముకోవడం కూడా తెలియదు. ఇక్కడ చెవులు కుట్టేనాడే పోగుతో పాటు పూస పెట్టేస్తారు. అక్కణ్ణించి లే, కూర్చో, నమిలి మింగు, అమ్మను చూసి నవ్వు, అన్నీ అదే చెబుతుంది. చెప్పింది చేస్తే "మంచి పిల్ల" అంటుంది. ఆ పూస లేకుండా పిల్లల్ని పెంచిన రోజులు గుర్తున్నవాళ్ళలో చెవికి పూస పెట్టుకోనివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకని ఇచ్చారు.

పూసలు వచ్చిన ఏడు సభలో లేచి వద్దన్నవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. తెచ్చింది వరాహలమ్మ. అప్పట్లో ఆవిడా నేనూ ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. నేను పిల్లల మనసు గురించి చదివిన పుస్తకాలన్నీ సభలో ఏకరువు పెడితే ఆవిడ కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఒక్క మాట అంది: "కూర్మారావుగారికి పిల్లలకన్నా తన మాట ముద్దు." జనం నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే. సగంమంది పోయారు. తక్కినవాళ్ళ మనవలు ఇప్పుడు నా గదికి వస్తారు.

దిగువ రేవువాళ్ళు కొత్త స్తంభం, కొత్త పూసలు ఇస్తామంటున్నారు. వానలు తగ్గాక సభ వచ్చి గది చూస్తుంది. పిల్లలు తమంతట తాము పని చేసుకుంటూ కనిపిస్తే గది ఉంటుంది. లేకపోతే మళ్ళీ పూసలు. ఈ ఏర్పాటు సూచించింది కూడా వరాహలమ్మే. నేను ఓడిపోవడాన్ని రెండోసారి చూడాలని ముచ్చట పడుతున్నట్టుంది.

శుక్రవారం. మబ్బు.

అలమరలు అయ్యాయి. విరిగిన పడవ చెక్కలతో, అరలు నా మోకాలి ఎత్తునే ఉండేలా, వెనక చెక్క మాత్రం నిలువెత్తున చేయించాను. ఒక్కో అరలో ఒక్కో పళ్ళెం, ఒక్కో పళ్ళెంలో ఒక్కటే పని. ఒక చిన్న ఇత్తడి చెంబు, రెండు గాజుగ్లాసులు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చెంచాతో పోసుకోవడానికి కందులు. పాత చొక్కాల ముందుభాగాలు చట్రానికి కొట్టి బొత్తాలు పెట్టుకోవడానికి. పొట్టిగా కోసిన చీపురు. తక్కువ ఎత్తు మేకుకి తుడుపుగుడ్డ. ఏ పళ్ళేనికీ రెండోది లేదు. ఇంకొకడి చేతిలో ఉన్నది కావాలంటే ఆగాలి. ఆగడం నేర్పించే పాఠం ఏ పూసలోనూ లేదు.

దేముడమ్మ చూడ్డానికి వచ్చింది. కింద ఒడ్డున నాచు ఎండబెట్టే పని ఆమెది. కూతురు నూకాలుని చంకనేసుకుని వచ్చింది. నాలుగేళ్ళ పిల్లని చంకనెందుకు వేసుకున్నావని అడగబోయి ఆగాను. దించితే ఆ పిల్ల దించినచోటే ఉంటుంది.

"గాజుగ్లాసులేటండీ బాబూ? పగలగొట్టీరా?"

"పగలగొడతారు."

"మరేటి?"

"పగిలేదని తెలిస్తే జాగ్రత్తగా పట్టుకుంటారు. పగలనిది చేతికిస్తే వాళ్ళకి చేతులున్నాయని ఎప్పటికీ తెలియదు."

"మీరు సదువుకున్నోరు, మీ మాట కాదనలేను. కానీ మా గుంట పట్టుకోదండి. పగలగొట్టినా బాగున్ను."

ఆ మాట నవ్వుతూనే అంది. పిల్ల నోరు కొద్దిగా తెరుచుకుని, కళ్ళు ఎదురుగా గోడమీద ఆనించి, చెవి మాత్రం ఎటో పెట్టి ఉంది. ఎప్పుడో ఆగిపోయిన మాట మళ్ళీ వస్తుందని వింటున్నట్టు.

బుధవారం. మొదటి వాన.

గదికి ఒకే నియమం పెట్టాను. పిల్లలు పనిలో ఉన్నంతసేపూ లోపల కూర్చునే పెద్దవాళ్ళు నోటినిండా నీళ్ళు పట్టుకుని కూర్చోవాలి. మింగకూడదు, ఉమ్మకూడదు. సాయం చేయాలనీ, దిద్దాలనీ, మెచ్చుకోవాలనీ నాలుక దురద పెడుతుంది. మామూలుగా మాట్లాడకండి అంటే ఎవరూ ఆగరు. నోట్లో నీళ్ళుంటే ఆగుతారు.

మొదటిరోజు బుగ్గలు పూరించుకుని గోడవార బారుగా కూర్చున్న తల్లుల్ని చూస్తే బెక్కుకప్పలు గుర్తొచ్చాయి. పిల్లలు చాపలమీద కూర్చుని ఎదురుచూశారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకడు ఏడ్చాడు. వాడి తల్లి లేవబోతే నేను వేలు చూపించి కూర్చోబెట్టాను. చాలాసేపయ్యాక సింహాద్రి అనే బండపిల్లాడు లేచి, అలమర దగ్గరకెళ్ళి, కందులన్నీ నేలమీద కుమ్మరించాడు. ఆ చప్పుడుకి వాడే అదిరిపడ్డాడు. చుట్టూ చూశాడు. తిట్టూ లేదు, మెప్పూ లేదు. ఇంకో గుప్పెడు తీసి, ఈసారి ఒక్కొక్కటే వదిలి, చప్పుడు విన్నాడు. దేముడమ్మకి నవ్వాగక పక్కావిడ మీద నీళ్ళు చిమ్మేసింది.

"పాడుగుంటడు! నాకు తెలవకుండానే నవ్వొచ్చీసినాది!"

చాలా ఏళ్ళ తర్వాత ఆ పూట నేనూ నవ్వాను. నా నీళ్ళు మాత్రం మింగలేదు.

మంగళవారం. ముసురు.

ఒక్కొక్కరే లేస్తున్నారు. సింహాద్రి కందుల్ని ఏరడం కూడా కనిపెట్టాడు. ఇద్దరాడపిల్లలు బొత్తాల చట్రం కోసం కొట్టుకుని, ఆనక వంతులు వేసుకున్నారు. రెండు గ్లాసులు పగిలాయి, వేరేవి తెచ్చి పెట్టాను. ఇప్పుడు పగలడం లేదు.

నూకాలు లేవలేదు. పొద్దున్న తల్లి ఏ చాపమీద కూర్చోబెడితే సాయంత్రం ఆ చాపమీదే ఉంటుంది. నీళ్ళు కావాలని అడగదు, తాగదు. తాగమని చెబితే తాగుతుంది. ఒడ్డున ఉన్న దేముడమ్మ ఎన్నిసార్లని మెట్లెక్కి వస్తుంది?

"దీనికి ఇరవయ్యొకటో నాడే పూసెట్టీసినామండి," అంది. "ఏడకూడదని. పాలు కుడిపేకాడ కూడా అదే సెప్పీది. మా అత్త మంచిదే అంది, అందరూ మంచిదే అన్నారు. ఇప్పుడు నానేటి సేసేది? నా పేనం ఒడ్డునుంటే దీని దగ్గరే కొట్టుకుంటాది."

తనంతట తానే లేస్తుంది, తొందరపడవద్దు అన్నాను. పుస్తకాల్లో అలాగే ఉంది.

గురువారం. వాన వెలిసి ఉక్క.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం గదిలో పెద్దవాళ్ళలో నేనొక్కణ్ణే ఉన్నాను. అలమర వెనక నా పీట. అలమర వీపు చెక్కలో ముడి ఊడిన కన్నం ఒకటుంది, అందులోంచి పిల్లల్ని చూస్తుంటాను. నూకాలు చాప సరిగ్గా ఆ కన్నానికి ఎదురుగా, చెయ్యి చాచితే అందేటంత దగ్గర. పిల్ల పెదవులు తెల్లగా ఎండి చిట్లాయి. చెంబునిండా నీళ్ళు పక్క అరలోనే ఉన్నాయి. నా నోటినిండా కూడా నీళ్ళే.

మింగాను. కన్నానికి నోరు ఆనించి అన్నాను: "నూకాలూ. లే."

లేచింది.

"చెంబు తీసుకో. గ్లాసులో పొయ్యి. తాగు."

ఒక్క చుక్క ఒలకకుండా పోసుకుంది. తాగింది. తాగి, గ్లాసు పట్టుకుని నిలబడింది. దేనికోసం నిలబడిందో నాకు తెలుసు. పూస మాటకీ మాటకీ నడుమ ఆ కొద్దిపాటి ఆగడం, దాని చదునైన గొంతు, అన్నీ నాకు వచ్చు. ఇన్నేళ్ళు ఎంత శ్రద్ధగా అసహ్యించుకుంటే అంత బాగా పట్టుబడతాయి.

"మంచి పిల్ల," అన్నాను.

నూకాలు మొహంలో వెలుగు వచ్చింది. అది చూసి జాలిపడే చేశాననుకున్నాను. నిజంగానే జాలి. మొదటిసారి జాలే.

శనివారం. ఎండ.

వరాహలమ్మ చెప్పకుండా వచ్చింది. కర్ర పొడుచుకుంటూ, మూగపూస ఇంకా చెవిలోనే పెట్టుకుని. గడియ కోసం పైన తడుముకోలేదు. తిన్నగా వంగి తీసింది. అది నాకు నచ్చలేదు.

నోట్లో నీళ్ళు పట్టుకుని తల్లుల పక్కన కూర్చుంది. ఆవిడ కళ్ళు పని చేసుకుంటున్న పిల్లల మీద నిలవలేదు. నేరుగా నూకాలు మీదికి వెళ్ళాయి. దేముడమ్మ కూతురి సంగతి మెట్టంతా తెలుసు. ఆవిడ వచ్చింది నా ఓటమి చూడ్డానికి. అది నాలుగు అడుగుల దూరంలో చాపమీద కూర్చుని ఉంది.

నేను అలమర వెనక్కి వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో తెలిసే వెళ్ళాను. నీళ్ళు మింగి, ఆ పిల్లకి తప్ప వినపడనంత సన్నగా కన్నంలోంచి చెప్పాను.

నూకాలు లేచింది. చాప చుట్టింది. పళ్ళెం తెచ్చుకుంది, కందులు పోసింది, ఎత్తింది, పళ్ళేన్ని తెచ్చినచోటే పెట్టింది. గ్లాసు తుడిచింది. ఏ పిల్లా అంత శుభ్రంగా పని చేయలేదు. దేముడమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నోట్లో నీళ్ళు పోకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

బయటికి వచ్చాక వరాహలమ్మ నీళ్ళు మింగి అంది: "కూర్మారావుగారూ, అన్నేళ్ళూ నేను పొరపడ్డానేమో. ఆ గుంటని చూస్తే నా నోట మాట రావడం లేదు. సభలో చెబుతాను."

ఈ రోజు కోసం నేనొక ఉపన్యాసం సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆవిడ తల వంచుకుంటే ఏమనాలో వాక్యాలన్నీ చెక్కి పెట్టుకున్నాను. ఒక్కటీ అనలేదు. ఆవిడ భుజం మీదుగా గదిలోకి చూస్తే నూకాలు కన్నం ముందు నిలబడి ఉంది, మెప్పు కోసం. అది ఇవ్వడం మరిచిపోయాను.

ఆదివారం. వాన.

సెలవు. దేముడమ్మ పరుగున నా గుమ్మంలోకి వచ్చింది.

"పొద్దుటేళ నుంచీ గోడకి సెవెట్టి నిలబడిపోనాదండి! రాయే అంటే రాదు. నాను తాగమన్నా ఇప్పుడు తాగడం లేదు, నా మాట కాదట. ఇందాక దబ్బున పడిపోనాది. మా ఆయన మొకం మీద నీళ్ళు కొట్టినాడు. గదిలో అంత బాగా సేస్తాది కదా, ఇంటికాడ ఏటైనాది దీనికి? మీరు రండి తాతగారూ. మీకే తెలుస్తాది."

వెళ్ళాను. మంచం మీద పడుకోబెట్టారు. గోడ వైపు తిరిగి ఉంది. తల్లినీ తండ్రినీ బయటికి వెళ్ళమన్నాను. వైద్యుడి మాట విన్నట్టు విన్నారు. పిల్ల చెవి దగ్గర వంగి తాగమన్నాను. లేచి తాగింది. తండ్రి తడకలోంచి చూసి నాకు దణ్ణం పెట్టాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. తల్లీ తండ్రీ ఎదురుగానే ఉన్నారు, ఇంకెవరూ లేరు. సభ అయిదు రోజుల్లో ఉందని గుర్తొచ్చింది. చెబితే తక్కిన పిల్లలందరి గదీ పోతుంది అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తక్కిన పిల్లలు నాకు చాలా ఉపయోగపడ్డారు.

బుధవారం. చినుకులు.

కన్నంలో మైనం కూరాను. చాపని కిటికీ వైపు జరిపాను.

నూకాలు చాప వదిలి తానే అలమర దగ్గరికి నడిచింది. గదికి వచ్చినప్పటినుంచీ ఎవరూ చెప్పకుండా ఆమె వేసిన మొదటి అడుగులవి. వాటిని కూడా నా కన్నం వైపే వేసింది. గోటితో మైనాన్ని గీకింది. సాయంత్రందాకా గీకింది. నోట్లో నీళ్ళతో కూర్చుని చూశాను. సింహాద్రి మధ్యలో వచ్చి, చూసి, తనూ కాసేపు గీకి, విసుగెత్తి పోయాడు.

తల్లి వచ్చేలోగా వాళ్ళింటి దగ్గరికి ఎత్తుకెళ్ళి, చెవిలో చెప్పి తాగించాను. అంటే ఏమీ మానలేదు. చోటు మార్చానంతే.

శుక్రవారం. తెరిపి.

సభ వచ్చింది.

బంగార్రాజు ముందు నడిచాడు. మెట్టుకి పెద్ద. వెనక సభవాళ్ళు, వాళ్ళ వెనక వరాహలమ్మ. దేముడమ్మతో సహా తల్లులు అప్పటికే గోడవార ఉన్నారు. అందరికీ గ్లాసుల్లో నీళ్ళిచ్చాను, అందరూ బుగ్గలు పూరించుకుని కూర్చున్నారు. పిల్లలు పనిలో పడ్డారు. సింహాద్రి చీపురు పట్టుకుని సభవాళ్ళ కాళ్ళ మధ్య ఊడవడం మొదలుపెట్టాడు. బంగార్రాజు కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు. కాసేపు బాగానే ఉంది.

ఆపైన అందరూ నూకాలు వైపు చూశారు. వరాహలమ్మ ఆమె గురించి సభలో అంత చెప్పింది మరి.

అలమర వెనక నా పీట ఖాళీగా ఉంది. మైనం తియ్యడానికి ఒక్క గోరు చాలు. లోపలికి వెళితే గది ఉంటుంది, నా మాట నెగ్గుతుంది, నేను పోయిన మర్నాడు ఆ పిల్ల గోడకి చెవి ఆనించి ఎండిపోతుంది. నా నీళ్ళగ్లాసు ఎత్తి నోరు పట్టినన్ని పోసుకుని, అందరికీ కనపడేచోట నేలమీద కూర్చున్నాను. దీన్ని ధైర్యమని రాయను. ఆదివారం ఆ తండ్రి పెట్టిన దణ్ణానికి నాకు భయం పట్టుకుంది.

నూకాలు మైనం దగ్గరికి వెళ్ళింది. గీకింది. వెనక్కి తిరిగి గదంతా చూసింది. నన్ను చూసింది. నడిచి వచ్చి నా పెదవులకి చెవి ఆనించింది.

ఆగింది. నేనూ ఆగాను.

అప్పుడు రెండు అరచేతులూ నా బుగ్గలమీద పెట్టి నొక్కింది. నీళ్ళు నా గడ్డం మీదా, ఆమె గౌను మీదా, నేలమీదా పడ్డాయి.

"తాతా, సెప్పు," అంది. "కన్నంలోంచి సెప్తావు కదా. సెప్పు."

నోళ్ళలోని నీళ్ళు అందరూ ఒక్కసారే మింగారు. ఆ చప్పుడు నాకు గుర్తుండిపోతుంది.

"ఏటిది పంతులుగారూ?" బంగార్రాజు లేచాడు. "కన్నమేటి? సెప్పడమేటి?"

చెప్పాను. దేముడమ్మని చూస్తూ చెప్పాను, ఎందుకంటే తక్కినవాళ్ళకి చెప్పడం తేలిక. ఆమె కేక వెయ్యలేదు. పిల్లని నా దగ్గర్నుంచి లాక్కుంది.

"పూస కన్నా అన్నేయం సేసినావు," అంది. ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి. "పూసకి తెలీదు. నీకు తెలుసును."

"మోసం! గదంతా మోసమే!" అని బంగార్రాజు అరుస్తున్నాడు. "రేపే రేవుకి కబురెట్టండి. పూసలు తెప్పించీండి."

వరాహలమ్మ కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. ఆవిడ బుగ్గలు ఇంకా నిండుగానే ఉన్నాయి. గదిలో నీళ్ళు మింగకుండా మిగిలింది ఆవిడొక్కతే. కర్ర ఎత్తి నేల వైపు చూపించింది.

సింహాద్రి చీపురు వదిలేసి, మేకుమీది గుడ్డ తెచ్చి, నా నోట్లోంచి పడ్డ నీళ్ళు తుడుస్తున్నాడు. అన్ని అరుపుల మధ్యా వాడికి నేలమీది తడి తప్ప ఇంకేమీ పట్టలేదు. తుడిచి, గుడ్డని గుమ్మంలో పిండి, మేకుకి తగిలించి, కుదరలేదని తీసి మళ్ళీ తగిలించాడు. అరుపులు ఒక్కొక్కటే ఆగాయి. తల్లి చంకలో నూకాలు కూడా ఆ గుడ్డనే చూస్తోంది.

అప్పుడు వరాహలమ్మ నీళ్ళు మింగింది.

"గది మోసం కాదు బంగార్రాజూ. ఈయన మోసం. రెండూ వేరు," అంది. నా వైపు తిరిగి, మెల్లగా, సభ కోసం కాకుండా, "మీ మాటే ముద్దని ఆనాడే అన్నాను. ఇంత నిజమనుకోలేదు."

నన్ను నేను ఎన్ని రకాలుగా సమర్థించుకోగలనో నాకు తెలుసు. అన్ని పుస్తకాలు చదివాను. ఒక్కటీ నోటికి రాలేదు.

గది ఉంచారు. ఇకనుంచి వరాహలమ్మ కూర్చుంటుంది. నా గొంతు పిల్లలకి వినపడేటంత దగ్గరకి నేను రాకూడదు. ఆ షరతు ఆవిడ అడగకముందే నేను అన్నానని రాసుకోవాలని ఉంది. ఆవిడే అడిగింది.

సోమవారం. పొడి ఎండ.

రెండో మెట్టు మీద, నీళ్ళ తొట్టి పక్కన, చీపుళ్ళు పొట్టిగా కోసి కట్టడం ఇప్పుడు నా పని. గదికి ఇంకా కావాలట. కబురు తెచ్చేవాళ్ళు నూకాలు గురించి చెప్పరు. నేను అడగను.

ఇవాళ దేముడమ్మ ఒడ్డుకి దిగుతూ కనిపించింది. పిల్ల చంకలో లేదు. వేలు పట్టుకుని మెట్లు తానే దిగుతోంది, ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి. నన్ను చూసి దేముడమ్మ ఆగిపోయింది. వెనక్కి తిప్పుకుపోతుందనుకున్నాను. పై మెట్టు మీదే కూర్చుని మొహం సముద్రం వైపు తిప్పుకుంది. వేలు మాత్రం వదిలేసింది.

నూకాలు వచ్చింది. నా నోట్లో నీళ్ళు లేవు. పెదవులు బిగించాను. చెవి తెచ్చి ఆనించింది. ఆ చెవి వెచ్చగా, నాచు వాసనగా ఉంది. చాలాసేపు ఉంది. ఒక్క మాట చాలు ఆ మొహంలో ఆ వెలుగు మళ్ళీ రావడానికి. పళ్ళు నొప్పెట్టేదాకా నోరు మూసుకున్నాను.

చెవి తీసింది. ఈసారి నా చెవిలోకి తొంగి చూసింది. ఎప్పుడూ ఏమీ పెట్టుకోని చెవి.

"తాతా, నీ పూస పాడైపోనాదా?"

అవునన్నట్టు తల ఊపాను.

ఆలోచించింది. నా పక్కన చెంబు ఉంది, పొద్దుటినుంచీ ముట్టుకోలేదు. దాన్ని చూసింది, నా పెదవుల్ని చూసింది. నా చెవికి నోరు ఆనించింది.

"తాతా. లే."

ఆగింది. ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగింది. ఆ ఆగడం నాది. ఆ చదునైన గొంతు కూడా నాదే.

"సెంబు తీసుకో. తాగు."

మెట్టు మీద దేముడమ్మ భుజాలు బిగుసుకున్నాయి. ఆమె తిరగలేదు.

నేను లేచాను. చెంబు తీసుకున్నాను. తాగాను. చివరి గుక్క దాకా పిల్ల నా గొంతునే చూస్తూ నిలబడింది.

"మంచి తాత," అంది.